డ్రమ్ము మీది నంబరు

మా బ్యాంకు పనుల్లో స్టాక్ ఇన్‌స్పెక్షన్ అని ఒకటి ఉంది. అప్పు తీసుకున్న వ్యాపారి గోదాముకు నెలకోసారి వెళ్లి, ఎంత సరుకుందో చూసి, లెక్క రాసుకుని రావాలి. సరుకు విలువలో మార్జిను తీసేసి, మిగిలినదాని మేరకే అతను డబ్బు వాడుకోవాలి. నేను బి.కాం. చదివినవాణ్ణి. కూడికలూ తీసివేతలూ అంటే నాకు భయం లేదు. అలాంటి లెక్కే ఒకసారి నన్ను సిగ్గుపడేట్టు చేసింది. పాతికేళ్లు దాటినా ఆ సిగ్గు తగ్గలేదు గనుక ఇక్కడ చెప్పుకుంటున్నాను.

అది 1998 ఏప్రిల్. హోసూరు అప్పటికింకా ధర్మపురి జిల్లాలోనే ఉంది. కృష్ణగిరి జిల్లా ఏర్పడింది 2004లో. మాది అక్కడికి దగ్గరలోనే బేరికె వైపు పల్లె. తాతముత్తాతల నాటి నుంచీ ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, కచేరీలో తమిళం. ఈ పత్రిక చదివేవారికి ఈ మూడు గదుల కాపురం కొత్తగా చెప్పనక్కర్లేదు. నేను బెంగుళూరులో చదువు ముగించి, పరీక్ష రాసి, రెండు మూడు చోట్ల తిరిగి, ఫీల్డాఫీసరుగా సొంత ఊరి దగ్గరికి వచ్చిన కొత్త.

శనివారాలు అప్పట్లో మాకు ఒంటిపూట. ఆ మధ్యాహ్నం స్కూటరు మీద ఒక చిన్న కార్ఖానాకు వెళ్లాను. పెయింటులో కలిపే థిన్నరు తయారుచేసే చోటు. రేకుల షెడ్డు, ముందర వాకిలి, గేటు పక్కన కిరసనాయిలు స్టవ్వు మీద ఒకావిడ నడిపే టీ దుకాణం. థిన్నరుకు కావలసిన టోలుయీన్ 200 లీటర్ల ఇనుప డ్రమ్ముల్లో వచ్చేది. లారీ నుంచి పలక వేసి, కింద పాత టైరు పెట్టి, డ్రమ్ములు దొర్లిస్తున్నారు. నేను ఒకటీ రెండూ అని గీతలు పెట్టుకుంటున్నాను.

ఇరవయ్యో ముప్పయ్యో అయ్యాక ఒక డ్రమ్ము పలక మీద నుంచి పక్కకు జారి, రాతిగట్టు అంచుకు కొట్టుకుంది. అతుకు పగిలి నీళ్లలాంటి ద్రవం బుడబుడా బయటికి వచ్చింది. ఘాటైన తియ్యని వాసన. వాకిలి వాలు గేటు వైపు. గేటు పక్కన కాలువ. కాలువ అవతల స్టవ్వు.

అప్పుడు మేము ఎనిమిది మందిమి. ఒక్కొక్కరం ఏం చేయబోయామో చెబుతాను. యజమాని, వాసన పోవాలని గోడకున్న పెద్ద ఫ్యాను స్విచ్చి వైపు పరుగెత్తాడు. ఒక కుర్రవాడు కడిగేద్దామని నీళ్ల గొట్టం పట్టుకున్నాడు. నేను ఫైరింజను వాళ్లకు ఫోను చేయాలని స్కూటరు కిక్కు మీద కాలు పెట్టాను. ముగ్గురమూ మంచిపనే చేస్తున్నామనుకున్నాం. ముగ్గురమూ నిప్పు పెట్టబోయినవాళ్లమే.

మమ్మల్ని ఆపింది ఒక ముసలి హమాలీ. అందరూ తాతా అని పిలిచేవారు. పడుచుతనంలో ట్యాంకరు లారీ మీద క్లీనరుగా తిరిగినవాడు.

"ఎవురూ ఏమీ ముట్టద్దండప్పా! స్విచ్చి ముట్టద్దు! నీళ్లు వద్దు!" అని గొంతు చించుకుని అరిచాడు. అదే మాట తమిళంలో, వెంటనే కన్నడంలో అన్నాడు. గేటు వైపు తిరిగి, "అమ్మణ్ణీ, స్టవ్వు ఆర్పి ఇవతలికి రా తల్లీ!" అన్నాడు. నా దగ్గరికి వచ్చి స్కూటరు తాళం లాగేసుకున్నాడు. "సామీ, బండి తియ్యద్దు. నడిచి పోండి. గాలి ఇట్ల కొడతా ఉండాది, ఎదురుగాలికి పోండి" అన్నాడు.

నేను నడిచాను. నాలుగు షెడ్ల అవతల ఫోను దొరికింది. 101కి చేశాను. ఏదో కెమికల్ కారిపోతోందన్నాను. "ఏం కెమికల్? డ్రమ్ము మీద నంబరు ఏముంది?" అని అడిగారు అవతల. లీటరు ధర నాకు తెలుసు. ఎన్ని డ్రమ్ములకు ఎంత అప్పు ఇవ్వవచ్చో తెలుసు. ఇన్‌వాయిసు నంబరు కూడా జేబులో ఉంది. డ్రమ్ము మీది నంబరు మాత్రం తెలియదు. ఏడాదిగా ప్రతి నెలా వాటిని లెక్కపెట్టి సంతకం చేస్తున్నవాణ్ణి నేను.

తిరిగి వచ్చేసరికి తాత పని ముగించాడు. షెడ్డులో 'ఫైర్' అని రాసిన ఎర్ర బకెట్లు నాలుగు వేలాడుతుండేవి. వాటిలో ఇసుక తడిసి గట్టిపడి, పైన బీడీ ముక్కలూ తమలపాకు ఉమ్మూ. అవి పనికిరాలేదు. పక్క స్థలంలో ఇల్లు కట్టడానికి పోసిన ఇసుకను గంపలతో తెచ్చి ముందు కాలువ నోరు మూశారు. తరువాత చుట్టూ కట్ట వేశారు. ఒక కుర్రవాడి లుంగీ తడిస్తే తాత దాన్ని అక్కడే విప్పించి, దూరంగా కుళాయి దగ్గర సబ్బుతో ఒళ్లు కడిగించాడు. అంత భయంలోనూ మిగతావాళ్లు నవ్వారు. ఇంకొకడికి తల తిరిగితే గాలి వచ్చేచోట కూర్చోబెట్టారు.

అరగంటకు ఫైరింజను వచ్చింది. మంట లేకపోయినా ఆ ద్రవం మీద నురుగు కప్పారు. ఇసుకను ఇనుప పారతో కాక ప్లాస్టిక్ చేటలతో ఎత్తి, మూతలున్న డ్రమ్ముల్లో నింపించారు. అంతా అయ్యాక వారి అధికారి నన్ను పిలిచి ఒక డ్రమ్ము చూపించాడు. ఎర్రటి గళ్ల గుర్తు, అందులో జ్వాల బొమ్మ, కింద 3 అనే అంకె. పక్కన 1294. మూడు అంటే మండే ద్రవాల తరగతి. 1294 అంటే ప్రపంచంలో ఎక్కడైనా టోలుయీనే. పెట్రోలుకైతే 1203. ఆ నాలుగు అంకెలు చెప్పి ఉంటే బయలుదేరే ముందే ఏం తెచ్చుకోవాలో తెలిసేదన్నాడు.

తరువాత పుస్తకాలు తెప్పించి చదివాను. టోలుయీన్ ఆవిరి 4 డిగ్రీల చల్లదనంలో కూడా నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. హోసూరు చల్లని ఊరని మనం చెప్పుకునే గొప్ప దానికి లెక్కలోది కాదు. ఆ ఆవిరి గాలి కంటే మూడు రెట్లు బరువు. పైకి పోదు. నేలబారుగా పాకి, పల్లం వెతుక్కుంటూ స్టవ్వు దాకా వెళ్లి, నిప్పును వెనక్కి తీసుకువస్తుంది. ద్రవం నీటి కంటే తేలిక, నీటితో కలవదు. నీళ్లు కొడితే పైన తేలి ఇంకా దూరం పోతుంది. స్విచ్చి వేసినా, స్కూటరు కొట్టినా పుట్టే చిన్న రవ్వ చాలు. గాలిలో నూటికి 1.1 నుంచి 7.1 పాళ్ల వరకు ఆవిరి ఉంటే అంటుకుంటుంది. అందుకే ఖాళీ డ్రమ్ము నిండు డ్రమ్ము కంటే ప్రమాదం. లోపల మిగిలేది గాలీ ఆవిరీ కలిసిన మందుగుండే. మా లెక్కలో ఖాళీ డ్రమ్ము విలువ సున్నా అని రాసేవాళ్లం.

సోమవారం నా నివేదికలో ఏం రాశానో కూడా చెప్పాలి. "ఒక డ్రమ్ము తరుగు. మిగతా సరుకు సరిపోయింది. బీమా అమలులో ఉంది." పాలసీలో బ్యాంకు పేరు ఉందో లేదో చూశాను. ఆ హమాలీలలో ఒక్కరి పేరైనా ఎక్కడైనా ఉందో లేదో చూడలేదు. మా ఫారంలో ఆ గడి లేదు. గడి లేనిచోట ప్రశ్న పుట్టకపోవడం మా చదువు చేసిన లోపం.

వారం తరువాత నాకొక ఆలోచన వచ్చింది. చేయవలసినవీ చేయకూడనివీ పెద్ద అట్ట మీద గుండ్రని తెలుగు అక్షరాలతో రాసి పట్టుకెళ్లాను. తెలుగువాళ్లకు తెలుగులో చెప్పానని నాకు లోలోపల గర్వం కూడా. తాత అట్టను అటూ ఇటూ తిప్పి, "మాట వచ్చు సామీ, అచ్చరం రాదు" అన్నాడు. పడుచువాళ్లను చదవమన్నాను. నలుగురూ ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్లు. బడిలో ఇద్దరు తమిళం, ఒకడు కన్నడం చదివారు. నాలుగోవాడు బడికే పోలేదు. నా గుండ్రని అక్షరాలు చదవగలిగినవాణ్ణి ఆ షెడ్డులో నేనొక్కణ్ణే.

అట్ట మూల పెట్టి, తాతనే చెప్పమన్నాను. ఆయన వేళ్లు మడిచి చెప్పాడు. ఒకటి, నిప్పు ఆర్పు, రవ్వ పుట్టనీకు. రెండు, ఎదురుగాలికి పో. మూడు, కాలువ నోరు మూయి. నాలుగు, నీళ్లు కొట్టకు, ఇసుక పోయి. ఐదు, అంటుకుంటే వీరుడివి కాకు, పారిపో. ఐదో మాట నా అట్టలో లేదు. ఆ తరువాత నేను ఇన్‌స్పెక్షనుకు వెళ్లిన ప్రతిసారీ ఆ ఐదు వేళ్లూ ఎవరైనా ఒకరు మడిచి చెప్పేదాకా సంతకం పెట్టలేదు. బకెట్లలో చెయ్యి పెట్టి చూసేవాణ్ణి.

ఆ రోజు మాకు ఏమీ కాలేదు. కానివాటికి చరిత్ర ఉండదు. అయినవాటికి ఉంది. 2009 అక్టోబరు 29 సాయంత్రం జైపూరు దగ్గర సీతాపురలోని చమురు డిపోలో పెట్రోలు గంటకు పైగా కారింది. ఆవిరి మబ్బులా కమ్మి పేలింది. 11 మంది పోయారు. ఆ మంటలను ఆర్పలేక, కాలి చల్లారేదాకా 11 రోజులు వదిలేశారు. 2017 జూన్ 25న పాకిస్తాన్‌లో బహావల్‌పూర్ దగ్గర రోడ్డు మీద పెట్రోలు ట్యాంకరు బోల్తాపడితే, చుట్టుపక్కల జనం బిందెలూ డబ్బాలూ తెచ్చి పట్టుకుంటుండగా అంటుకుంది. 200 మందికి పైగా కాలిపోయారు. వాళ్లను అత్యాశపరులు అనడం తేలిక. పారుతున్నది ఏమిటో వాళ్ల గుండెకు తగిలేలా ముందుగా ఎవరు చెప్పారన్నది నా ప్రశ్న.

మన దేశంలో నియమాలు లేకపోలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనే ఇలాంటి సరుకు తోలే డ్రైవరుకు ఇంగ్లీషూ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఒక భారతీయ భాషా చదవను రాయను రావాలని ఉంది. మంచిదే. కానీ ట్యాంకరు బోల్తాపడినచోట డ్రైవరు స్పృహలో ఉంటాడన్న నమ్మకం లేదు. అక్కడ ఉండేది టీ దుకాణం ఆవిడ, పశువుల కాపరి, దారిన పోయే బ్యాంకు గుమాస్తా. మొదటి పది నిమిషాలు వాళ్లవే. ఫైరింజను ఎంత తొందరగా వచ్చినా వాళ్ల తరువాతే.

తాత పోయి చాలా ఏళ్లయింది. నాకు పదవీ విరమణ దగ్గరపడింది. మొన్న పని మీద అదే పారిశ్రామికవాడకు వెళ్లాను. షెడ్డు పెరిగింది, నురుగు సిలిండర్లు వచ్చాయి, గోడ మీద తమిళంలో, ఇంగ్లీషులో చక్కటి బోర్డులున్నాయి. డ్రమ్ములు దించుతున్న కుర్రవాళ్లను ఎక్కడివాళ్లని అడిగాను. ముగ్గురు ఒడిశా గంజాం జిల్లావాళ్లు. బోర్డు చదవమంటే నవ్వి తల అడ్డంగా ఊపారు. ఒకప్పుడు నా అట్ట ముందు మావాళ్లు ఊపినట్టే.

బరంపురంలో ఈ పత్రిక తెప్పించుకునే మిత్రుడొకాయన ఉన్నారు. తెలుగింటివారైనా ఒడియా ఆయనకు రెండో తల్లిభాష. ఆ రాత్రి ఫోను చేసి, తాత చెప్పిన ఐదు మాటలూ ఒడియాలో ఎలా అనాలో ఒక్కొక్కటిగా చెప్పించుకున్నాను. నా నోట అవి సరిగా పలకలేదు. మర్నాడు వెళ్లి, ఫోను ఆ కుర్రవాళ్ల చెవి దగ్గర పెట్టి ఆయన చేతే చెప్పించాను. ఐదు వేళ్లూ మడిచి తిరిగి అప్పజెప్పారు. ఐదో మాట దగ్గర, అంటుకుంటే పారిపొమ్మన్నచోట, వాళ్లలో చిన్నవాడు నిజమేనా అన్నట్టు యజమాని ముఖం వైపు చూశాడు. యజమాని తల ఊపేదాకా నేను అక్కడి నుంచి కదలలేదు.