పిల్లి గోళ్ళూ, గోనె సంచీ

పిల్లి సోఫా చింపేస్తే అమెరికాలో కొందరు దాని గోళ్ళు తీయించేస్తారు. మా శ్రీకాకుళం వైపు అయితే గోనె సంచిలో వేసి వంశధార అవతల వదిలేసి వస్తారు. రెండింట్లో ఏది నయమని ఈమధ్య మా స్నేహితుల మధ్య చిన్నపాటి వాదన జరిగింది. నా మట్టుకు నాకు రెండూ ఒకే తానులో ముక్కలు.

ముందు గోళ్ళ సంగతి. 'డీక్లా' అంటే గోళ్ళు కత్తిరించడమే కదా అనుకుంటారు చాలామంది. పిల్లి గోరు వేలి చివరి ఎముకలోంచే పెరుగుతుంది. అది మళ్ళీ రాకూడదంటే ఆ ఎముకనే తీసెయ్యాలి. మన వేళ్ళని చివరి కణుపు దగ్గర కోసేస్తే ఎలా ఉంటుందో అదీ లెక్క. ముందు కాళ్ళకి ఐదేసి చొప్పున పది వేళ్ళు! ఆ తర్వాత కొన్నిటికి నొప్పి ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. కాలు నొప్పి పుట్టి మట్టి తొట్టెలోకి వెళ్ళడం మానేసి పరుపు మీద కానిచ్చేస్తాయి. గోళ్ళు లేవు కనక కరవడం మొదలెడతాయి. సోఫా దక్కింది, పరుపు పోయింది!

యూరప్‌లో చాలా దేశాలు దీన్ని ఎప్పుడో ఆపేశాయి. అమెరికాలో రాష్ట్రమంతటా మొదట నిషేధించింది న్యూయార్క్, అదీ 2019లో. 2022లో మేరీలాండ్ ఆ దారి పట్టింది. గోళ్ళు తీయించిన పిల్లయితేనే ఇల్లిస్తామనే యజమానులు కూడా ఉండేవారు. అలా అడగడానికి వీల్లేదని కాలిఫోర్నియా 2012లో చట్టం చేసింది. అక్కడ అద్దెకుండే మనవాళ్ళు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

మన దగ్గర ఈ ఆపరేషన్ అలవాటు లేదు. అందుకని గర్వపడిపోనక్కర్లేదు, మనకి సంచి ఉంది. పిల్లికి తన చోటే లోకం. తెలియని ఊళ్ళో వదిలేస్తే అక్కడి పిల్లులు తరుముతాయి, కుక్కలు తరుముతాయి, తిండి ఎక్కడ దొరుకుతుందో తెలీదు. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువుని వదిలెయ్యడం మన 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరమే.

శ్రీముఖలింగంలో మా ఇంట్లో గాదె నిండా ధాన్యం ఉన్నన్నాళ్ళూ పిల్లి గోళ్ళ గురించి ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఆ గోళ్ళతోనే కదా ఎలకలు పట్టేది. గాదె పోయి సోఫా వచ్చింది, ఉద్యోగి కాస్తా నేరస్తురాలైపోయింది. నాన్న సంచి తీసి గుమ్మం దగ్గర పెట్టారు. అమ్మ ఫోన్లో "ఏటి సేస్తాంరా, దానికేటి తెలుసు పాపం" అని ఏడుపు గొంతుతో అంది.

అసలు పిల్లి ఎందుకు గీకుతుంది? గోరు మీది పాత పొర ఊడిపోవడానికి, నిద్ర లేచి ఒళ్ళు విరుచుకోడానికి, అరికాళ్ళ దగ్గరి గ్రంథుల వాసన అంటించి 'ఇది నా చోటు' అని చెప్పడానికి. మా సాఫ్టువేరు భాషలో ఇది బగ్ కాదు, డిజైన్. కొడితే మానదు, మనం లేనప్పుడు గీకుతుంది. గీకడానికి ఇంకో చోటు చూపించడమే మార్గం.

దానికి ఖరీదైన సామానక్కర్లేదు. గోగునార పండే జిల్లాలు మనవి, పక్కనే ఉద్దానం కొబ్బరి తాడు. ఇప్పచెట్టు మొదట్లో దేవుడు వెలిశాడని చెప్పుకునే ఊళ్ళో పిల్లికో మొద్దు దొరక్కపోదు. మొద్దు పిల్లి నిలువునా సాగేంత ఎత్తుండాలి, కదలకూడదు. ఊగితే మళ్ళీ దాని మొహం చూడదు. దాన్ని పెరట్లో మూలన పడేస్తే లాభం లేదు, సోఫా పక్కనే పెట్టాలి. కుప్పింటాకు మొక్క వేరంటే చాలా పిల్లులకి వెర్రి, తాడుకి కాస్త రుద్దితే వాటంతటవే వస్తాయి. సోఫా మూలలకి రెండువైపులా అంటుకునే టేపు వేస్తే ఆ జిగురు నచ్చక దూరంగా ఉంటాయి.

ఫ్లాట్లో, గడప దాటకుండా ఉండే పిల్లికైతే రెండు మూడు వారాలకోసారి గోటి కొస మాత్రం కత్తిరించొచ్చు. లోపల గులాబీ రంగులో కనపడేచోట రక్తనాళం ఉంటుంది, దాని జోలికి పోకూడదు. ఊళ్ళో తిరిగే పిల్లికి మాత్రం ఈ పని చెయ్యకండి. కుక్క తరిమితే చెట్టెక్కాలి కదా.

మా ఇంట్లో గుమ్మం దగ్గరున్న ఆ సంచినే నాన్న మొద్దుకి చుట్టి, పైన కొబ్బరి తాడు బిగించారు. పిల్లి ఇప్పటికీ అప్పుడప్పుడు సోఫా వెనక మూలకి వెళ్తూనే ఉంటుంది. అక్కడ అమ్మ పాత దుప్పటి ఒకటి కప్పేసింది.