తల్లిభాషకు అయిదు మార్కులు

క్రిందటి మాఘమాసమున మా తమ్ముడు తాండూరునుండి ఉదయపు రైలులో వికారాబాదు వచ్చి, కాళ్లు కడుగుకొనకముందే సంచిలోని కాగిత మొకటి తీసి మా ముందుంచెను. అది ఆస్ట్రేలియా పోవుటకై అతడు వేసికొనిన లెక్క. వయస్సునకు ఇన్ని, చదువునకు ఇన్ని, ఇంగ్లీషునకు ఇన్ని, పనిచేసిన యేండ్లకు ఇన్ని యని మార్కులు వేసి, క్రింద గీత గీసి కూడియుండెను. "అక్కా, అయిదు మార్కులు తక్కువ పడుచున్నవి. అవి నీవే యిప్పింపవలెను" అనెను. మేము పొయ్యిమీది పప్పు దింపుచు నవ్వితిమి. ఆస్ట్రేలియా ప్రభుత్వమువారి మార్కులు మా వంటయింట దొరకునని మే మెన్నడును వినలేదు.

సంగతి యిది. వృత్తివిద్యలు నేర్చిన పరదేశీయులను ఆ దేశమువారు మార్కులు లెక్కించి పిలుతురు. నలువదియైదేండ్లు నిండియుండరాదు. 25 మొదలు 32 ఏండ్ల వయస్సువారికి 30 మార్కులు. ఆపైన తగ్గుచు పోవును. డిగ్రీకి 15. అర్హతకు 65 చాలునందురు గాని, 65 వచ్చినవారి నందరిని పిలువరు. ఎక్కువ తెచ్చుకొనినవారికే ముందు పిలుపు. కనుక ఒక్కొక్క మార్కు తులము బంగారముతో సమానము. అందులో అయిదు మార్కులకు విచిత్రమైన మార్గ మొకటి గలదు. "నాటి" యను సంస్థ భాషాంతరీకరణ పరీక్ష జరుపును. (పేరు విని పాతకాలపుదేమో యనుకొంటిమి, 1977లో పుట్టినదట.) ఆ పరీక్ష జరుపు భాషలలో మన తెలుగును గలదు. ఇంగ్లీషు మాటలాడువా డొకడు, తెలుగు మాటలాడువా డొకడు సంభాషింతురు. వారి నడుమ నుండి ఆతని మాట నీతనికి, ఈతని మాట నాతనికి అందింపవలెను. అట్టి సంభాషణలు రెండు. ఒక్కొక్కదానికి 45 మార్కులు. దేనిలోను 29కి తగ్గక, మొత్తము 90లో 63 రావలెను.

మా వారు బడిలో చరిత్ర చెప్పుదురు. ఆ రాత్రి భోజనముల వేళ ఈ మాట విని, "ఆ దేశమువా రొకప్పుడు భాషాపరీక్ష పెట్టియే మనబోటివారిని వెలుపల నుంచిరి" అనిరి. 1901లో చేసిన చట్టము ప్రకారము, ఓడ దిగినవానికి ఏదేని నొక ఐరోపా భాషలో ఏబది మాటలు చదివి, విని వ్రాయుమనెడివారట. అది వానికి వచ్చిన భాష కానక్కరలేదు. అధికారికి తోచిన భాష. 1934లో ప్రాగు నగరపు పత్రికారచయిత ఎగోన్ కిష్ అను నతడు పెక్కు ఐరోపా భాషలు నేర్చినవాడగుటచే, అతనికి స్కాట్లండువారి గేలిక్ భాషలో పరీక్ష పెట్టిరట! ఆ పరీక్ష 1958లో పోయినది. జాతిభేదము పాటించుటను 1973లో పూర్తిగా మానిరి. 2021 జనాభా లెక్కలలో ఇంట తెలుగు మాటలాడువారు అచ్చట 59 వేలకు పైబడిరి. అయిదేండ్లకు ముందు 34 వేల మంది. భాషను అడ్డుగడియగా వేసిన వాకిటనే నేడు తెలుగునకు అయిదు మార్కులా యని మాకు లోలోన గర్వము కలిగినది. ఆ గర్వము నాలుగు దినములు నిలిచినది.

మేము బడికి పోయి చదివినవారము కాము. తాండూరు యింటి నాపరాతి అరుగుమీద కూర్చుండబెట్టి మా తాతగారు అమరకోశము, భారతము, పోతన భాగవతము చదివించిరి. ఇక తెలుగు చెప్పుట మాకెంత పని? తమ్మునికి హైదరాబాదులో కంప్యూటరు కొలువు. శని, ఆదివారములలో మరదలిని, మూడేండ్ల పిల్లవానిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చుచుండెను. మా వారు ఇంగ్లీషు సంభాషణ చదువుదురు, తమ్ముడు తెనిగింపవలెను, తప్పిన మేము దిద్దవలెను. మొదటిది అద్దెయింటి తగవు. తమ్ముడు "ఓనరు డిపాజిటు రిటర్ను చేయలేదు" అనెను. అది తెలుగే యని వాని నమ్మకము. మేము "గృహస్వామి నిక్షేపధనమును ప్రత్యర్పింపలేదు" అని దిద్దితిమి. పిల్లవానికి అన్నము తినిపించుచున్న మరదలు ఫక్కున నవ్వి, "వదినా, ఈ మాట చెప్పిన, ఇల్లు పోగొట్టుకొనిన ముసలమ్మ మరింత బెదరిపోదా?" అని, తానే "ఇంటాయన ముందు కట్టించుకొన్న పైకము తిరిగి యియ్యలేదు" అనెను. మా వారు చప్పట్లు కొట్టిరి. మాకు కొంచెము నొచ్చినది. ఆ సాయంకాలము మాత్రము అమరకోశము తీయలేదు.

మరుసటి వారము ఆసుపత్రి సంభాషణ. ఆయాసము, కుట్లు విప్పుట, పరగడుపున రక్తము తీయుట, మత్తుమందునకు ముందు అడుగవలసిన ప్రశ్నలు, అన్నియు మరదలి నోట తడబాటు లేక వచ్చినవి. ఆమె నర్సు విద్యలో డిగ్రీ చదివి, హైదరాబాదులో నాలుగేండ్లు పనిచేసి, పిల్లవాడు పుట్టగా మానినది. తాండూరు, పరిగి, కొడంగలు పల్లెలనుండి వచ్చిన రోగులకు, ఇంగ్లీషు మాటలాడు వైద్యులకు నడుమ నిలిచి నాలుగేండ్లును ఈమె చేసినది ఈ పనియే కదా!

అప్పుడు తమ్ముని కాగితము మరల తీసి చూచితిమి. అట్టడుగున నొక గడి: "భార్య నైపుణ్యము." దాని కెదురుగా సున్న.

సోదరీమణులారా, ఆ సున్నను చూచి మా మనస్సు చివుక్కుమన్నది. ఆ దేశపు నియమము ప్రకారము భార్యకు గాని భర్తకు గాని తగిన వృత్తి యుండి, దానిని పరీక్షింపించుకొని, ఇంగ్లీషు తగినంత వచ్చినచో పదిమార్కులు. ఇంగ్లీషు మాత్రమే వచ్చిన అయిదు. మేము మూడు వారములుగా వెదకుచున్న అయిదు మార్కులకు రెట్టింపు ఈ పిల్లయొద్ద నుండగా ఎవరును అడుగలేదు. నగరములోని ఏజెంటొకడు పైకము పుచ్చుకొని కాగితము నింపినాడట. వానిని తిట్టుట సులభము. మేము మాత్ర మేమి చేసితిమి? వారము వారము ఆమెచేతికి కాఫీ పళ్లెమిచ్చితిమి గాని కాగిత మీయలేదు. భర్త పోవును, భార్య వెంట పోవును అనియే మేమును తలచితిమి.

మా వారు బల్లపై క్రొత్త కాగితము పరచి లెక్క తిరుగవేసిరి. దరఖాస్తు మరదలి పేర పెట్టినచో? వయస్సునకు 30, డిగ్రీకి 15, ఇంగ్లీషునకు 10, పనికి 5, తెలుగునకు 5, భర్త వృత్తికి 10, వెరసి 75. ఏదేని రాష్ట్రమువారు కోరినచో మరి అయిదు. తమ్ముడు ఆ అంకెనే చాలసేపు చూచెను. "నేను ఆమెవెంట పోవుటయా?" అని పైకి అనలేదు గాని వాని ముఖమున నున్నది. మరుసటి వారము రాలేదు. ఆపై వారము ఇద్దరును వచ్చిరి.

నర్సులకు అచ్చట పని గలదు గాని దారి నున్నది గాదు. మన దేశమున చదివినవారు సాధారణముగ ముందు ఎన్‌క్లెక్స్ అను కంప్యూటరు పరీక్షలో నెగ్గి, పిదప అడిలైడు నగరమునకు పోయి చేతిపని పరీక్ష యియ్యవలెను. 2025 ఏప్రిలునుండి అమెరికా, బ్రిటను, ఐర్లండు, సింగపూరు వంటి కొన్నిచోట్ల నమోదై తగినన్ని గంటలు పనిచేసినవారికి ఆ పరీక్షలు లేని దగ్గరిదారి వేసిరి. అమెరికా నర్సు వాకిట నడచిపోవును. తాండూరు నర్సు గోడ చుట్టి పోవలెను. అంతకన్న మమ్ము కలవరపెట్టినది వేరొక నియమము. గడచిన అయిదేండ్లలో 450 గంటలైనను నర్సుపని చేసియుండనిదే అచ్చట నమోదు చేయరు. ఇంటిపని ఎన్నివేల గంటలైనను అందులో చేరదు! మరదలు పని మాని మూడేండ్లు దాటినది. ఆ రాత్రియే ఆమె వికారాబాదు ఆసుపత్రులలో పనికై విచారించుట మొదలుపెట్టెను.

తెలుగు పరీక్ష ఇద్దరును మా యింటనే కంప్యూటరు ముందు కూర్చుండి యిచ్చిరి. తలుపులు మూసి, కుక్కరు మాని గిన్నెలో అన్నము వండి, ప్రక్కయింటి పిల్లలను తోటకు పంపితిమి. స్టేషనులో రైలుకూత నాపుట మాత్రము మా వశము కాలేదు. ఫలితములు వచ్చినవి. మరదలికి 71. తమ్మునికి మొత్తము 64 వచ్చియు, ఒక సంభాషణలో 28 వచ్చి, ఒక్క మార్కునకు పోయినది. "అక్కా, నీ మాట యొకటి వాడితిని" అనెను. ఏ మాటయో చెప్పుమన్న చెప్పడు.

ఈ వార్త తాండూరులో మా అమ్మకు మేమే చెప్పితిమి. చేటలోని కందులు ఏరుచు అంతయు వినెను. అరువదినాలుగేండ్లది. "ఆ కాగితములో నన్నే గడిలో వ్రాసిరి?" అని అడిగెను. తల్లిదండ్రుల సాధారణపు వీసాకు క్రొత్తగా దరఖాస్తు పెట్టిన ముప్పదియేండ్లకు పైబడి వేచియుండవలెనని ఆ ప్రభుత్వమువారే ప్రకటించినారు. ఆ సంగతి తమ్ముని కెరుకయే, మాకు నెరుకయే. ఎవ్వరమును చెప్పలేదు. ఆమెయు మరల నడుగలేదు. ఏరిన కందులు రెండు సంచులలో సమముగ పోసి, ఒకటి మాకిచ్చెను.

మరదలికి వికారాబాదులో పని దొరకినది. వారమున మూడు రాత్రులు ఆసుపత్రిలో నుండును. ఆ మూడు రాత్రులును పిల్లవాడు మా యింట పండుకొని, కథ చెప్పుమనును. గజేంద్రుని కథ చెప్పుచున్నాము, నిక్షేపధనము వంటి మాటలు రాకుండ జాగ్రత్తపడుచు.