గాజువాక దిగేవాళ్ళు ముందుకు రండి

విజయవాడలో విశాఖ బస్సెక్కినవాడికి దారిలో సముద్రం ఒక్కచోట కూడా కనపడదు. దాదాపు 350 కిలోమీటర్ల ప్రయాణం. పటంలో చూస్తే 16వ నంబరు జాతీయ రహదారి తీరాన్ని ఒరుసుకుంటూ పోతున్నట్టే ఉంటుంది. పాతవాళ్ళ నోట దానికి ఇప్పటికీ ఐదో నంబరు రోడ్డనే పేరు. కిటికీలోంచి చూస్తే మాత్రం వరిచేలు, చేపల చెరువులు, కొబ్బరితోటలు, గోదావరి దాటాక జీడిమామిడి, తాటిచెట్లు, ఆ తరువాత కొండలు. నీళ్ళకేం కరువు లేదు గానీ ఒక్కచోటా ఉప్పునీళ్ళు కావు. ఈ సంగతి పిల్లలకి ముందే చెప్పకపోతే తుని దాటిన దగ్గర్నుంచీ అద్దానికి ముక్కు ఆనించి కూర్చుంటారు, ప్రతి చెరువుకీ కేకేస్తారు.

రోడ్డు వేసినవాళ్ళని తప్పుపట్టడానికి లేదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. అక్కణ్ణించి కిందికి పోయేకొద్దీ పాయలు, ఉప్పుటేర్లు, పంటకాల్వలు, మురుగుకాల్వలు. సముద్రాన్ని పట్టుకుని పోదామనుకుంటే క్రోసుకో వంతెన కట్టాలి. కట్టినా నల్లమట్టి నేల వానాకాలం ఊరుకోదు, తుపాను అసలే ఊరుకోదు. అందుకని దారి పైపైనే, నదికి కొమ్మలు తక్కువగా ఉన్నచోట దాటేసి పోయింది. సముద్రం పక్కనే ఉందని తెలుసు, చూపించే తీరిక దానికి లేదు.

ఒకప్పుడు విశాఖ బస్సులన్నీ తాడేపల్లిగూడెం, తణుకు మీదుగా వచ్చి సిద్ధాంతం వంతెన మీద వసిష్ఠనీ, రావులపాలెం దాటాక జొన్నాడ వంతెన మీద గౌతమినీ దాటేవి. గోదావరి ఒక్కటే, దాటడం రెండుసార్లు. పెద్దవాళ్ళు చిల్లర కూడా రెండుసార్లూ వేసేవారు. ఇప్పుడు చాలా బస్సులు గుండుగొలను దగ్గర కొత్త రోడ్డు పట్టుకుని, దేవరపల్లి మీదుగా కొవ్వూరు చేరి నాలుగో వంతెన ఎక్కుతున్నాయి. 2015లో, పుష్కరాల ఏడాది, వాడుకలోకి వచ్చిన వంతెన అది. ఒక్కసారే గోదావరి, వెడల్పుగా, నిండుగా. టైము కలిసొస్తుంది, కాదనను. రావులపాలెం పోయింది, అదే నా బాధ. అక్కడ బస్సు ఆగీ ఆగకముందే కిటికీ దగ్గరికి పూతరేకుల పెట్టె వచ్చేది. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక పూతరేకుల ఊరు ఆత్రేయపురం పేరు అన్ని చోట్లా వినపడుతోంది గానీ, అంతకుముందు దానికి ప్రచారమంతా ఈ బస్సు కిటికీలే చేసిపెట్టాయి. పూతరేకు కొన్నవాడు ఊరికే తినలేడు. నోట్లో పెట్టుకోగానే రేకు విరిగి బెల్లంపొడి చొక్కా మీద రాలుతుంది, నెయ్యి మోచేతి దాకా కారుతుంది. పక్క సీటాయన ఆ అవస్థ చూసి ముందు నవ్వి, తరువాత తనూ ఒక పెట్టె కొనేవాడు.

ఏసీ బస్సుకి ఆ బెడద లేదు, ఆ భాగ్యమూ లేదు. అద్దం తెరుచుకోదు. గోదావరి మీద ఒకసారి మా ముందు సీటు ముసలావిడ రూపాయి బిళ్ళ చేతపట్టుకుని అద్దం ఎక్కడ జరుగుతుందా అని అంచులన్నీ తడిమి చూసింది. జరగదని తేలాక బిళ్ళని అద్దానికి ఆనించి దణ్ణం పెట్టుకుని, “ఈసారి అన్నవరం వెళ్ళినప్పుడు హుండీలో వేస్తాలేమ్మా” అని గోదారమ్మకే చెప్పి చెంగున ముడేసుకుంది. అప్పుకి సాక్షిగా నా వైపు చూసింది కూడా.

సీటు సంగతి చెప్పుకోవాలి. సూపర్ లగ్జరీల్లో నంబరు వచ్చాక తువ్వాలుకి పని తగ్గింది. అంతకుముందు బస్సు ప్లాట్‌ఫారం మీదికి వస్తుండగానే దాని వెంట పరిగెత్తి, కిటికీలోంచి తువ్వాలో, చేతిరుమాలో, ఏమీ దొరక్కపోతే ఒక చెప్పో విసిరేస్తే ఆ సీటు మనదే. ఎవరూ రాసిపెట్టని ఈ చట్టాన్ని రాష్ట్రమంతా గౌరవించింది. తువ్వాలు తీసి పక్కన పెట్టి కూర్చున్నవాడు ఎంతటివాడైనా లేవాల్సిందే. రాజమండ్రి నుంచి విశాఖ పోయే ఎక్స్‌ప్రెస్‌లలో ఈ సంప్రదాయం ఇంకా బతికుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళకి ఎక్స్‌ప్రెస్ దాకా ఛార్జీ లేకపోవడంతో తువ్వాళ్ళకి గట్టి పోటీ వచ్చింది. ఆధార్ కార్డు పట్టుకుని, కొంగు నడుముకి దోపుకుని ముగ్గురు ఆడవాళ్ళు తలుపు దగ్గర నిలబడితే కిటికీలోంచి పడ్డ ఏ తువ్వాలూ చెల్లదు. దీని మీద మగవాళ్ళ సణుగుడు దారి పొడుగునా వినపడుతుంది. నాకు మాత్రం ముచ్చటేసింది. కాకినాడ వైపు నుంచి ఎప్పుడూ విశాఖ చూడని ఆడవాళ్ళు, ఇంట్లో ఎవరినీ డబ్బులడగకుండా, “ఒకసారి సముద్రం చూసొద్దాం” అని బయల్దేరడం ఈ మధ్యనే చూస్తున్నాను. కాకినాడలో సముద్రం లేదా అంటే, ఉంది. విశాఖ సముద్రం వేరు అంటారు వాళ్ళు.

విశాఖ బస్సంటే బీచ్‌కి పోయే బస్సనుకుంటాం గానీ, అందులో సముద్రం కోసం వెళ్ళేవాళ్ళు కొద్దిమందే. శుక్రవారం రాత్రి వెనక సీట్లలో కూర్చుని పొద్దుటిదాకా నిద్రపోని, ఎవరినీ నిద్రపోనివ్వని ఇంజనీరింగ్ కుర్రాళ్ళు ఆ బాపతు. మిగతావాళ్ళ ఒళ్ళో ఏముందో చూస్తే సంగతి తెలిసిపోతుంది. పొడుగాటి ఎక్స్‌రే కవరు ఉంటే కేజీహెచ్. 1923 నుంచీ ఉత్తరాంధ్రకీ, గోదావరి జిల్లాల్లో సగానికీ పెద్దాసుపత్రి అదే. ప్లాస్టిక్ ఫోల్డరులో సర్టిఫికెట్లు ఉంటే నేవీ పరీక్షో, స్టీల్‌ప్లాంటు కాంట్రాక్టు పనో. నల్ల ట్రంకు పెట్టె మీద తెల్లరంగుతో పేరు, నంబరు ఉంటే సెలవు అయిపోయిన నావికుడు. స్టీలు క్యారేజీలు రెండు, ఊరగాయ జాడీ ఒకటి, దాని మూతికి గుడ్డ కట్టి ఉంటే కూతురింటికి. ఈ చివరివాళ్ళతో జాగ్రత్త. జాడీ పైన పెట్టకూడదు, కింద పెట్టకూడదు, మీ కాళ్ళ దగ్గరే పెడతారు.

రాత్రి బస్సు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. నడిమధ్యలో ఎక్కడో ఒక హోటల్ ముందు ఆపి “ఇరవై నిమిషాలండీ” అంటారు. డ్రైవర్లకి లోపల కర్టెన్ కట్టిన గదిలో వేడివేడి భోజనం, మనకి బయట చల్లారిన ఇడ్లీ రెట్టింపు ధరకి. ఇది అందరికీ తెలిసిన ఏర్పాటే, ఎవరూ దీని మీద కోర్టుకెళ్ళరు. తెల్లారేసరికి ఊరొచ్చేస్తుంది. నిద్రలో వచ్చిన ఊరు ఊరిలా ఉండదు. అందుకే వీలైతే పగటి బస్సే ఎక్కుతాను. వందే భారత్ ఎక్కితే పొద్దున్న టిఫిను ఇంట్లో చేసి మధ్యాహ్నానికల్లా విశాఖలో ఉండొచ్చని మా అల్లుడు లెక్కలేసి చూపిస్తాడు. ఆ లెక్క సరిగ్గానే ఉంటుంది.

పగటి ఎక్స్‌ప్రెస్‌లో అయితే సముద్రం కనపడకపోయినా బస్సులోకి ఎక్కుతుంది. పాయకరావుపేటలో ఒకావిడ గోనెపట్టాతో మూతికట్టిన బుట్టతో ఎక్కింది. అడుగు పెట్టగానే ముందు నాలుగు వరసలకి విషయం తెలిసిపోయింది. కండక్టరు ముక్కు మూసుకుని వచ్చాడు.

“ఎండుచేపలు బస్సులో ఎక్కించకూడదమ్మా.”

“ఎండుసేపలు కావు బాబూ, మెత్తళ్ళు. మా ఆడపడుసుకి అట్టుకెల్తన్నాను.”

“మెత్తళ్ళు చేపలు కావేటి?”

“సేపలే. మరీ అంత వాసనెయ్యవు.”

బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వి, బుట్ట వెనక సీటు కిందికి తోయించి, లగేజీ టికెట్ కొట్టాడు. ఆవిడకి ఛార్జీ లేదు గానీ మెత్తళ్ళకి ఉంది. దాని మీద మళ్ళీ ఒక వాదం నడిచింది. నక్కపల్లి వచ్చేసరికి వెనక సీటావిడ బేరం మొదలెట్టి గోనెపట్టా విప్పించింది. ఆడపడుచుకి పోవాల్సినవాటిలో కొన్ని యలమంచిలిలోనే దిగిపోయాయి.

గోదావరి దాటిన దగ్గర్నుంచీ మాట కూడా మారుతూ వస్తుంది. దివాన్‌చెరువులో ఎక్కినవాళ్ళు “ఆయ్” అని ఫోనెత్తుతారు. కత్తిపూడి దాటాక నేల ఎర్రబడుతుంది, తూర్పు కనుమలు రోడ్డు మీదికి వస్తాయి. అన్నవరంలో రత్నగిరి కనపడగానే నిద్రపోతున్నవాళ్ళు కూడా ఎవరో తట్టినట్టు లేచి చేతులు జోడిస్తారు. కొందరు దిగి పరిగెత్తి ప్రసాదం తెస్తారు. గోధుమరవ్వ, బెల్లం, నెయ్యి, అడ్డాకు పొట్లం. ఆ ఆకు వాసన లేకపోతే ఆ ప్రసాదానికి సగం రుచి పోతుందని నా అభిప్రాయం. అదే కొలతలతో ఇంట్లో చేసి స్టీలు పళ్ళెంలో పెడితే అది ఉత్త గోధుమరవ్వ హల్వా. అనకాపల్లిలో గాలి బెల్లం వాసనేస్తుందని రాసేవాళ్ళున్నారు. బెల్లం మార్కెట్‌కి పేరుపడ్డ ఊరే, కాదనను, బైపాస్ మీద మాత్రం డీజిలు వాసనే.

లంకెలపాలెం దాటాక బస్సులో అలజడి మొదలవుతుంది. కూర్మన్నపాలెం దగ్గర స్టీల్‌ప్లాంటు ఉద్యోగులు దిగుతారు. “గాజువాక దిగేవాళ్ళు ముందుకు రండి” అన్న కేకతో సగం బస్సు లేచి నిలబడుతుంది. విశాఖ వచ్చేసిందనుకుని కొత్తవాళ్ళు కూడా లేచి పైనున్న సంచులు దింపుకుంటారు. దింపుకుని గంటసేపు వాటిని ఒళ్ళో పెట్టుకుంటారు, ఎందుకంటే గాజువాక ట్రాఫిక్ అయ్యాక ఎన్ఏడీ, ఎన్ఏడీ అయ్యాక కంచరపాలెం. ఎన్ఏడీ అంటే నేవీ ఆయుధాగారం. ఊరి మధ్య కూడలికి ఆయుధాగారం పేరు పెట్టుకుని జనం ఆటోల బేరాలాడుకుంటారు. ఇంతా అయి ద్వారకా బస్‌స్టేషన్‌లో దిగితే అక్కడా సముద్రం లేదు. ఊళ్ళోవాళ్ళు ఉత్త “కాంప్లెక్స్” అనేది దాన్నే. అక్కణ్ణించి సిటీ బస్సో ఆటోయో పట్టుకోవాలి. ఆర్కే బీచ్‌కి 28 నంబరు, రుషికొండ మీదుగా భీమిలి పోవాలంటే 900కె.

మొదటిసారి వచ్చినవాళ్ళతో ఆర్కే బీచ్ రోడ్డు దిగుడులో బస్సుంటే వాళ్ళ మొహాలు చూడాలి. అంతదాకా భవనాల మధ్య ఉన్న ఆకాశం ఉన్నట్టుండి కిందిదాకా దిగిపోతుంది. ఆ కిందిది ఆకాశం కాదని తెలియడానికి ఒక క్షణం పడుతుంది. ఆ వెంటనే చెప్పులు చేతికి వస్తాయి.

అక్కడ రామకృష్ణ మిషన్ ఆశ్రమం ఉంది కాబట్టి ఆ పేరు. స్నానానికి మంచి చోటు కాదు. లోతు తొందరగా వస్తుంది, అల వెనక్కి లాగే తీరు మోసపూరితం. హెచ్చరిక బోర్డులు ఉన్నాయి, అయినా ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. ఆ ఇసుకకీ ఒక కథ ఉంది. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. 1933లో ఓడరేవు తెరిచారు. 1976లో ఔటర్ హార్బర్ వచ్చాక దాని రాతికట్టలు ఆ నడకకి అడ్డుపడ్డాయి. అవతల ఇసుక పేరుకుంటుంది, ఇవతల బీచ్ కోసుకుపోతుంది. అందుకని పోర్టువాళ్ళు డ్రెడ్జరుతో తవ్విన ఇసుకని తెచ్చి బీచ్ వైపు పోస్తుంటారు. మనం పిల్లలచేత గుళ్ళు కట్టించే ఇసుకలో కొంత, మనలాగే, ఎవరో తెచ్చి దింపితే వచ్చినదే.

ఆ పక్కన కురుసుర జలాంతర్గామి. 2001లో విధుల నుంచి తప్పించి, మరుసటి ఏడాది నుంచి ఒడ్డున జనానికి చూపిస్తున్నారు. లోపల ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి ఒరగాలి. రోజంతా బస్సులో మోకాళ్ళు ముడుచుకుని వచ్చి, దిగిన గంటకే అంతకన్నా ఇరుకైన వాహనంలోకి టికెట్ కొనుక్కుని క్యూ కట్టేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. నేనూ ఆ క్యూలో నిలబడ్డవాణ్ణే.

ఆదివారం రాత్రి తిరుగు బస్సుల దగ్గర కాంప్లెక్స్ చూడాలి. తడిబట్టల క్యారీబ్యాగులు, గవ్వల దండలు, ఎండకి కమిలిన ముక్కులు, చెప్పుల నుంచి మెట్లమీదికి రాలే ఇసుక. మొన్న ఎక్కిన బస్సులో మా డ్రైవరుగారు చార్టు చూసి రెండు సీట్లు ఖాళీ అని ఫోను కొట్టారు.

“ఎక్కడున్నారు సార్?”

“జగదాంబ దగ్గరండీ, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం.”

“ఫోన్ ఆటోవాడికివ్వండి.” ఆటోవాడు వచ్చాక గొంతు మార్చారు. “ఏయ్ తమ్ముడూ, కాంప్లెక్స్ వద్దు. సీదా తాటిచెట్లపాలెం తీసుకొచ్చేయ్, హైవే మీద ఆపుతా.”

తాటిచెట్లపాలెంలో భార్యాభర్తలు, మధ్యలో ఐదేళ్ళ పిల్ల, ఆటో దిగి పరిగెత్తుకొచ్చారు. డ్రైవరుగారు తలుపు తెరిచి పిల్ల కాళ్ళవైపు చూశారు.

“ఎక్కండెక్కండి. ముందు ఆ పిల్ల జేబులు దులపండి సార్, పొద్దున్న బస్సు ఊడ్చేది మావాళ్ళే.”