బిందెకు గుడ్డ కట్టితిమి

2018 అక్టోబరు 11వ తేదీని తిత్లీ తుపాను పలాస చేరువను తీరము దాటి, ఉద్దానపు కొబ్బరితోటలను నేలగూల్చెను. ఆ రైతుల సాయమునకై మా విజయనగరపు వీథి స్త్రీలము కార్తికమాసమున హరికథ చెప్పించి సొమ్ము కూర్పనెంచితిమి. ఆదిభట్ల నారాయణదాసుగారు వెలసిన యూర వేఱొక వినోద మేల?

పందిరి, దీపములు, పెద్దలకు ఫలహారము, కథకునకు పట్టుశాలువ, ఇట్లు పట్టిక పెరుగుచుండెను. వ్రాయుచున్నది మేమే, పట్టుశాలువయు మా మాటయే. అంతవఱకు మాటాడక కూర్చున్న ఉద్దానపు పిల్ల, మా వీథికి కోడలై వచ్చినది, "పిన్నిగారూ, ఆ శాలువ వెలకు కొబ్బరిమొక్క లెన్ని వచ్చును? నేడు నాటినను కాపునకు ఆరేడేండ్లు పట్టునుగదా" యనెను. మా కలము సాగలేదు.

పందిరి కొట్టివేసితిమి, కోవెల మండపమే చాలును. ఎవరి యింటి అటుకులు వారు తెచ్చుకొందురు. చందా లిచ్చినవారి పేర్లు సభలో చదువవలెనా యనుటపై మాత్రము రాత్రి పదిగంటలవఱకు వాదము నడచెను. మా మాస్టరుగారు ఆకలితో రెండుమార్లు గుమ్మమువఱకు వచ్చి మరలిరి. చదువనిచో పెద్దనోట్లు రావని కొందఱు. చదివినచో పదిరూపాయల యామె రాదని మేము. తుదకు మూతికి గుడ్డకట్టిన యిత్తడిబిందె పెట్టుటకు ఒప్పుకొనిరి. శాలువను మాత్రము, నూలుదైనను సరే, మేము విడువలేదు. విద్వాంసుని వట్టిచేతులతో పంపు మర్యాద మా యూర లేదు.