బండికి చలికాలపు చెప్పులు

సరిహద్దు అనేది మా హోసూరు వాళ్ళకు కొత్త సంగతి కాదు. జూజువాడి దాటితే కర్ణాటక, అత్తిబెలె నుంచి ఇటు తిరిగితే తమిళనాడు. ఆ కాస్త దూరంలోనే బండి పన్ను, పర్మిట్టు, నంబరు పలక అన్నీ మారిపోతాయి. కెనడా రాజధాని ఒట్టావాలోనూ అలాంటి సరిహద్దే ఒకటి చూశాను. ఊరి అంచున నది. ఇవతలి గట్టు ఆంటారియో రాష్ట్రం, వంతెన దాటితే క్యుబెక్ రాష్ట్రం. క్యుబెక్‌లో రిజిస్టరైన ప్రతి కారుకూ చలికాలంలో ప్రత్యేకమైన టైర్లు ఉండి తీరాలని 2008లో చట్టం అమలులోకి వచ్చింది. మొదట డిసెంబరు 15 నుంచి లెక్క. 2019 నుంచి దాన్ని డిసెంబరు 1కి జరిపారు. మార్చి 15 దాకా ఆ టైర్లతోనే తిరగాలి. ఇవతలి గట్టు మీద మాత్రం అలాంటి కట్టడి లేదు. రెండు గట్ల మీదా పడేది ఒకే మంచు, వణికించేది ఒకే చలి. అవతల చట్టం, ఇవతల మన ఇష్టం.

మా అమ్మాయి కాపురం ఇవతలి గట్టున. 2023 అక్టోబరులో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్ళినప్పుడు ఆ ఇంట్లో నలుగుతున్న విషయం ఇదే: చలికాలపు టైర్లు కొనాలా, అక్కర్లేదా? హోసూరులో ముప్పై ఏళ్ళు లారీ టైర్ల రీట్రేడింగు పని చేసినవాణ్ణి కనుక ఈ మాట చెవిన పడగానే ప్రాణం లేచొచ్చింది. కానీ అల్లుడి ఇంట్లో మామగారి సలహా కూరలో ఉప్పు లాంటిది. చిటికెడు దాటితే ఎవరికీ సయించదు. అందుకని నాలుగు రోజులు వింటూ కూర్చున్నాను.

అమ్మాయి ఆసుపత్రి ల్యాబులో పని చేస్తుంది. చలికాలంలో ఆరు గంటలకల్లా, ఇంకా చీకటిగా ఉండగానే, పిల్లవాణ్ణి వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరుతుంది. ఆ ఏడాది మార్చిలో ఒకనాడు ఎర్ర దీపం చూసి బ్రేకు వేస్తే బండి ఆగక, గీత దాటి కూడలి మధ్యదాకా జారిందట. ఆ వేళకు అడ్డంగా ఏ బండీ రాలేదు కనుక సరిపోయింది. ఈ సంగతి వాళ్ళమ్మకు పూసగుచ్చినట్టు చెప్పింది. మొగుడికి మాత్రం, కంగారు పడతాడని, పొడిపొడిగా చెప్పి ఊరుకుంది.

మా అల్లుడు బాధ్యత తెలియని మనిషి కాదు. అతని వాదన అతనికి ఉంది. బండి 2019 నాటి హోండా సి.ఆర్.వి., నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. ఉన్న టైర్ల పేరే 'ఆల్ సీజన్'. ఇంటి అప్పు వాయిదాలు, పిల్లవాడి సంరక్షణ ఖర్చు నెల తిరిగేసరికి సిద్ధంగా ఉంటాయి. "నాలుగు చక్రాలూ లాగే బండి మామయ్యా, ఎలాంటి మంచులోనైనా కదులుతుంది" అన్నాడు.

కదులుతుంది, కాదనను. నేను ఒక్క ప్రశ్నే అడిగాను. "బాబూ, గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి ఆగడానికి ఎంత దూరం కావాలి? మీరు ఇంజనీరు కదా, కాస్త లెక్కకట్టి చెబుతారా?"

అల్లుడికి లెక్కలంటే సరదా. కాగితం, పెన్నూ తీసుకున్నాడు. వేగాన్ని వేగంతోనే గుణించి, దాన్ని భూమ్యాకర్షణకూ, టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే పట్టుకూ సంబంధించిన అంకెతో భాగించాలి. మామూలు లెక్కల్లో పొడి తారు రోడ్డు మీద ఆ పట్టును 0.7గానూ, బండ్లు తొక్కి గట్టిపడిన మంచు మీద 0.2గానూ, ఐసు మీద 0.1గానూ వేసుకుంటారు. ఆ ప్రకారం పొడి రోడ్డు మీద 14 మీటర్లు, మంచు మీద 49 మీటర్లు, ఐసు మీద 98 మీటర్లు వచ్చింది. డ్రైవరు కాలు బ్రేకు మీదికి వెళ్ళేలోపు బండి పోయే దూరం దీనికి అదనం.

అల్లుడు ఆ కాగితం వంక కాసేపు చూసి తనే అన్నాడు: "ఇందులో వేగం ఉంది, పట్టు ఉంది. ఎన్ని చక్రాలు లాగుతున్నాయన్నది ఎక్కడా లేదు మామయ్యా."

అసలు సంగతి అదే. బ్రేకు లేని బండి ఉండదు కనుక నాలుగు చక్రాలకూ బ్రేకు పడటం ఏ కారులోనైనా ఒకటే. నాలుగు చక్రాలూ లాగడం బయల్దేరేటప్పుడు సాయం, ఆగేటప్పుడు కాదు. పైగా సులువుగా కదిలింది కదా అని మనిషికి ధైర్యం పెరిగి వేగం పెంచుతాడు. మంచు ఎంత జారుడుగా ఉందో తెలిసేది బ్రేకు తొక్కినప్పుడే.

ఇక ఆ 0.2ను పెంచడం ఎలా? అక్కడే టైరు పని మొదలవుతుంది. మన ఇళ్ళలో చలికాలం వస్తే కొబ్బరినూనె సీసాలో గడ్డ కట్టుకుంటుంది కదా, రబ్బరుదీ ఇంచుమించు ఆ స్వభావమే. 7 డిగ్రీల కంటే చలి దిగితే మామూలు టైరు రబ్బరు బిగుసుకోవడం మొదలుపెడుతుంది. ఒట్టావాలో మైనస్ 20 అరుదు కాదు. ఆ చలిలో మామూలు టైరు ప్లాస్టిక్ చెప్పులా జారుతుంది. చలికాలపు టైరుకు వాడే రబ్బరు మిశ్రమం వేరు. అంత చలిలోనూ మెత్తగా ఉంటుంది. దాని దిమ్మెల మీద బ్లేడుతో కోసినట్టు వందల కొద్దీ సన్నని చీలికలు ఉంటాయి. చక్రం దొర్లేటప్పుడు అవి విచ్చుకుని మంచును అంచులతో పట్టుకుంటాయి. గాడులు లోతుగా ఉండి మంచును కూరుకుంటాయి. మంచుకు మంచు బాగా అంటుకుంటుంది కనుక అదీ మేలే చేస్తుంది.

ఈ తెలివి నిన్నమొన్నటిది కాదు. ఫిన్లండ్‌లో నోకియా పట్టణం వాళ్ళు 1934లో లారీల కోసం తొలి చలికాలపు టైరు చేశారు. 1936లో కార్లకు హక్కపెలిట్టా అనే టైరు తెచ్చారు. తర్వాత టైర్లలో ఇనుప మేకులు దిగ్గొట్టే పద్ధతి వచ్చింది. ఐసు మీద వాటి పట్టు గట్టిదే, కానీ మంచు లేని చోట రోడ్డును గీకి దుమ్ము లేపుతాయి. ఆ దుమ్ము బాధ పడలేకనే జపాన్ 1990 ప్రాంతంలో మేకుల టైర్లను కట్టడి చేసింది. 1988లో అక్కడ బ్రిడ్జ్‌స్టోన్ వాళ్ళ బ్లిజాక్ వంటి మేకులు లేని టైర్లు రావడం అందుకు కలిసివచ్చింది. ఆంటారియోలో ఉత్తర ప్రాంతం వాళ్ళకు తప్ప మేకుల టైర్లకు అనుమతి లేదు. కనుక మాకు ఆ ఆలోచన అక్కర్లేకపోయింది.

లెక్క చూసిన మర్నాడే అల్లుడు "కొందాం" అన్నాడు. ఇక ఏవి కొనాలన్నది మిగిలింది. ఇక్కడ మాత్రం నా నోటికి తాళం వేసుకోలేదు.

మొదట గుర్తు చూడాలి. టైరు పక్కన 'ఎం ప్లస్ ఎస్' అన్న అక్షరాలు మాత్రమే ఉంటే చాలదు. అవి గాడుల ఆకారాన్ని బట్టి వేసేవి. మూడు శిఖరాల కొండ, దాని నడుమ మంచు రేకు ఉన్న బొమ్మ కావాలి. 1999లో వచ్చిన ఈ గుర్తు మంచు మీద పరీక్ష నెగ్గిన టైరుకే వేస్తారు. అమెరికా, కెనడా పద్ధతిలో ఆ పరీక్ష మంచులో బండిని లాగే శక్తిని కొలిచేది. ఐసు మీద ఆగడాన్ని కొలిచేది కాదు. కాబట్టి ఈ గుర్తు కనీస అర్హత అనుకోవాలి, పదో తరగతి పాసవడం లాంటిది.

రెండోది తయారైన తేదీ. టైరు పక్కన చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2623 అని ఉంటే 2023లో 26వ వారం అని అర్థం. ఇది మన దేశంలో అమ్మే టైర్లకూ వర్తిస్తుంది. దుకాణంలో అడిగి చూసుకోవడం మన హక్కు.

మూడోది చక్రాల సంగతి. ఒకే చక్రాల మీద ఏడాదికి రెండుసార్లు టైర్లు ఊడదీసి ఎక్కిస్తే కూలి రెండింతలు, టైరు అంచుకూ దెబ్బ. అందుకని చలికాలపు టైర్లను వేరే చక్రాలకు బిగించి ఉంచుకుంటే నట్లు విప్పి మార్చడమే పని. మా అమ్మాయి బండికి ఉన్నవి 235/60 ఆర్ 18 టైర్లు. అదే బండిలో చవక రకానికి కంపెనీ వేసేది 235/65 ఆర్ 17. చక్రం ఒక అంగుళం చిన్నది, టైరు గోడ ఆ మేరకు ఎత్తు. మొత్తం టైరు ఎత్తులో తేడా 2 మిల్లీమీటర్లు కూడా లేదు. 17 అంగుళాల టైరు ధర తక్కువ. గోడ ఎత్తు కనుక మంచు కింద దాగిన గుంతల్లో చక్రానికి దెబ్బ తక్కువ. ఎటు చూసినా అదే లాభం.

అల్లాయ్ చక్రాలా, ఉక్కువా అంటే ఉక్కువే తీసుకోమన్నాను. అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది అల్లాయ్ మెరుగును తినేస్తుంది. ఉక్కు తుప్పు పడుతుంది నిజమే, కానీ చవక. చూడటానికి నల్లగా, మొరటుగా ఉంటాయని అమ్మాయి మొహం ముడుచుకుంది. "నాలుగు నెలలు ఎలాగూ బురద కప్పేసి ఉంటాయిలేవే" అంది మా ఆవిడ. అంతటితో ఆ చర్చ ముగిసింది.

చక్రం కొన్నప్పుడు నట్లు కూడా చూసుకోవాలి. హోండా కంపెనీ చక్రాలకు వచ్చే నట్ల అడుగు గుండ్రంగా ఉంటుంది. బయట దొరికే చక్రాలలో చాలావాటికి కోసుగా ఉన్న నట్లు కావాలి. ఒకదానికి ఇంకొకటి వాడితే బిగిసినట్టే కనిపించి దారిలో వదులవుతుంది. అలాగే కొన్ని బండ్లలో గాలి కొలిచే పరికరం ప్రతి చక్రంలోనూ ఉంటుంది. అలాంటి వాటికి కొత్త చక్రాల్లోనూ అవి పెట్టించాలి. ఈ సి.ఆర్.వి.లో చక్రాలు తిరిగే వేగంలో తేడాను బట్టి గాలి తగ్గిందని కనిపెట్టే ఏర్పాటు ఉంది కనుక ఆ ఖర్చు తప్పింది.

ముందు రెండు వేస్తే చాలదా అని దుకాణంలో ఒకాయన అడుగుతుంటే విన్నాను. చాలదు. ముందు చక్రాలు పట్టుకుని వెనకవి జారితే బండి బొంగరంలా తిరుగుతుంది. నాలుగూ ఒకే రకం ఉండాలి.

అన్నీ కలిపి సుమారు 1500 డాలర్లు అయింది. ఆంటారియోలో 2016 జనవరి 1 నుంచి చలికాలపు టైర్లు వేసుకున్నవాళ్ళకు బీమా కంపెనీలు ప్రీమియం తగ్గించాలన్న నియమం ఉంది. అల్లుడు ఆ రోజే ఫోను చేసి చెప్పాడు. పైగా ఇవి తిరిగే నెలలన్నీ పాత టైర్లు విశ్రాంతిగా ఉంటాయి. రెండు జతలూ ఎక్కువ కాలం వస్తాయి. ఇలా చూస్తే పెట్టిన ఖర్చులో కొంత తిరిగి వచ్చేదే.

బిగించాక వంద కిలోమీటర్ల లోపు నట్లు మరోసారి బిగించి చూసుకోవాలి. చలి ప్రతి 5, 6 డిగ్రీలు దిగినప్పుడల్లా టైరులో గాలి సుమారు ఒక పౌండు తగ్గుతుంది కనుక నెలనెలా చూసుకోవాలి. గాడి లోతు 4 మిల్లీమీటర్ల దగ్గరికి వస్తే మంచులో వాడవద్దని అక్కడి రవాణా శాఖ చెబుతుంది. వేసవి వచ్చి విప్పేటప్పుడు ఏది ఎటువైపుదో సుద్దతో రాసి, ఎండ తగలని చోట పెట్టుకోవాలి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించి వచ్చాను.

అల్లుడి పాత కాగితం కూడా పక్కనే ఉంది. దాని మీద అతను ఇంకో రెండు వరుసలు చేర్చాడు. టైర్ల వల్ల పట్టు 0.2 నుంచి 0.3కి పెరిగిందనుకుంటే 49 మీటర్లు 33 అవుతుంది. మిగిలిన 16 మీటర్లు మూడున్నర కార్ల పొడుగు. పాత పట్టుతోనే వేగం 50 నుంచి 40కి తగ్గిస్తే 32 మీటర్ల లోపే ఆగుతుంది. రెండూ కలిస్తే 21 మీటర్లు చాలు. టైరు కొన్నామని వేగం పెంచితే కొన్నదంతా మంచులో పోసినట్టే. ఆ మాట ఎవరూ చెప్పనక్కర లేకుండా తన లెక్కే అతనికి చెప్పింది. నవంబరు చివర మంచు పడ్డ తొలి రోజున అమ్మాయి పని నుంచి వచ్చి, "నాయనా, తొక్కిన చోటే ఆగుతోంది" అంది. నాకు అంతకు మించి ఏం కావాలి?

మా దుకాణానికి వచ్చే లారీ యజమానులు ముప్పై ఏళ్ళూ అడిగిన ప్రశ్న ఒకటే: "ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?" ఎండా, బరువూ ఎక్కువైన మన రోడ్ల మీద అది అడగవలసిన ప్రశ్నే. కానీ వాన పడిన తారు రోడ్డు మీద, చెరుకు బండ్లు కార్చిన బురద మీద, ఘాటు మలుపులో మనకూ ఆగవలసిన అవసరం వస్తూనే ఉంటుంది. టైరు గాడిలో చిన్న మెట్లలా కనిపించే గుర్తులు 1.6 మిల్లీమీటర్ల దగ్గర ఉంటాయి. అరుగుదల అక్కడికి వచ్చిందంటే ఇంకో వెయ్యి కిలోమీటర్లు లాగుదామని చూడకండి. చలిదేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రులు ఈసారి ఫోను చేసినప్పుడు స్వెట్టర్లు, చేతి తొడుగుల గురించి అడగడంతో పాటు బండి టైర్ల గురించి కూడా ఒక మాట అడగండి. సలహా చెప్పకపోయినా ఫరవాలేదు. యాభైలో వెళ్తే ఎంత దూరంలో ఆగుతుందో లెక్కకట్టమని అడిగితే చాలు.