హెలికాప్టరులో కేదారయాత్ర



మా అక్కయ్యకు డెబ్బయ్యేళ్ళు. కడప జిల్లా ప్రొద్దుటూరులో ఉంటుంది. తన పదో ఏట ఆమె మా నాయన వెంట ఆత్మకూరు నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా అడవిలో నడిచి, శివరాత్రికి శ్రీశైలం వెళ్ళి వచ్చింది. నాకప్పుడు ఆరేళ్ళు. నడవలేనని నన్ను ఇంట్లో వదలిపోయారు. ఆ కోపం నాకు చాలా కాలం ఉండేది.

ఇప్పుడామె మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. మొన్న సంక్రాంతికి కర్నూలులో మా ఇంటికి వచ్చి, "తమ్ముడా, మల్లన్నను చూసినాను. కేదారనాథుణ్ణి గూడ చూస్తే చాలు. అక్కడికి హెలికాప్టరు పోతుందంట గదా!" అన్నది.

మా మనుమడు ఏడో తరగతి చదువుతున్నాడు. "పది నిమిషాల పని, జేజీ! ఎక్కడం, దిగడం, దండం పెట్టడం!" అన్నాడు వాడు.

ముప్పయ్యేళ్ళు లెక్కలూ, సామాన్యశాస్త్రమూ చెప్పినవాణ్ణి గదా, పది నిమిషాల లెక్క నాకు మింగుడు పడలేదు. నోటుపుస్తకం తెచ్చి ముగ్గురమూ వసారాలో కూర్చున్నాము. మీరు కూడా వచ్చి కూర్చోండి.

శ్రీశైలం, కేదారం రెండూ పన్నెండు జ్యోతిర్లింగ క్షేత్రాలలోనివే. మన శ్రీశైలంలో అన్నిటికన్న ఎత్తయిన శిఖరేశ్వరం 2,835 అడుగులు. కేదారనాథ్ 11,755 అడుగులు. అనగా 3,583 మీటర్లు. శిఖరేశ్వరం వంటి కొండలు నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చినా కేదారం ఇంకా నాలుగు వందల అడుగులు పైనే ఉంటుంది! గుడి తలుపులు ఏడాదిలో ఆరు నెలలే తెరుస్తారు. అక్షయ తృతీయ రోజులలో తెరిచి, దీపావళి వెళ్ళిన తరువాత యమద్వితీయ నాడు మూస్తారు. మంచు పడే ఆ ఆరు నెలలూ స్వామికి పూజలు కిందనున్న ఊఖీమఠంలో జరుగుతాయి.

మేము హైదరాబాదు మీదుగా రైలులో ఢిల్లీకి, అక్కడి నుంచి హరిద్వారానికి, ఋషీకేశానికి పోవాలి. తరువాత మోటారులో దేవప్రయాగ, రుద్రప్రయాగ దాటి గుప్తకాశికి. ఆ చివరి దారే సుమారు 180 కిలోమీటర్ల కొండ మలుపులు. మోటారు దారి గౌరీకుండ్ దగ్గర అయిపోతుంది. అక్కడి నుంచి పదహారు కిలోమీటర్లకు పైగా ఎక్కాలి. పూర్వం ఇది పద్నాలుగు కిలోమీటర్లే. 2013 జూన్ 16, 17 తేదీలలో వచ్చిన మహా వరదలో వేలాదిమంది పోయారు. పాత బాట కొట్టుకుపోయింది. గుడి వెనుక ఒక పెద్ద బండ అడ్డుపడి వరదను రెండు పాయలుగా చీల్చడంతో గుడి నిలిచింది. తరువాత కొత్త బాట వేశారు.

హెలికాప్టర్లు గుప్తకాశి, ఫాటా, సిర్సీ అనే చోట్ల నుంచి లేస్తాయి. ఫాటా నుంచి ఎక్కితే మనుమడు చెప్పినట్లు పది నిమిషాలు కూడా పట్టదు. వాడి మాట అబద్ధం కాదు. కాని ఆ పది నిమిషాల వెనుక ఉన్న సంగతి చూడండి.

మీలో బావిలో ఈత కొట్టినవాళ్ళున్నారా? చేతులతో నీళ్ళను కిందికి నెట్టితే మీరు పైకి తేలుతారు. హెలికాప్టరు రెక్కలు కూడా అట్లాగే గాలిని కిందికి నెట్టి తాము పైకి లేస్తాయి. అయితే పైకి పోయినకొద్దీ గాలి పలుచనవుతుంది. సముద్రం ఒడ్డున ఒక గదిలో నూరు పాళ్ళ గాలి పడితే, కేదారంలో అదే గదిలో సుమారు డెబ్బై పాళ్ళే ఉంటుంది. ఎండ కాసి వేడెక్కితే మరీ పలుచన. నెట్టడానికి గాలి తక్కువయితే మోసే బరువు కూడా తగ్గించాలి గదా! అందుకే అక్కడ మనుషులను మన వేరుశనగ బస్తాల వలె కాటా మీద నిలబెట్టి తూస్తారు. ఎవరు ఏ పక్క కూర్చోవాలో కూడా ఆ బరువును బట్టే. వెంట ఒక చిన్న సంచిని మాత్రమే రానిస్తారు. సుమారు రెండు కిలోలు.

"మరి నా ఇత్తడి చెంబు?" అన్నది అక్కయ్య. చెంబును కూడా లెక్కలో వేశాము.

రెండవ చిక్కు మబ్బు. ఆ లోయ సన్నని సందు వంటిది. రెండు వైపులా కొండలే. పైలట్ తన కళ్ళతో లోయను చూచుకుంటూ నడపాలి. తెల్లవారి తేటగా ఉన్న లోయ మధ్యాహ్నానికి మబ్బుతో నిండిపోవచ్చు. అప్పుడు హెలికాప్టరు నేల మీదనే ఉండాలి.

ఈ సంగతి మన కర్నూలువాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు హైదరాబాదు నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన హెలికాప్టరు, వానలో మన నల్లమల మీద కనపడకుండా పోయింది. మరునాడు పావురాలగుట్ట మీద దొరికింది. లోపలి అయిదుగురిలో ఒక్కరూ మిగలలేదు. నల్లమల హిమాలయమంత ఎత్తేమీ కాదు. సరిగ్గా నెలకు, అక్టోబరు 2న, తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచాయి. మేడల మీద చిక్కుకున్నవాళ్ళకు హెలికాప్టర్లే అన్నం పొట్లాలు జారవిడిచాయి. అప్పుడు వాటిని చూచి మా వీధి పిల్లలు చేతులెత్తి అరిచారు. నేనూ అరిచాను.

కేదారం లోయలోనూ ఇంతే. 2013లో వేలమందిని హెలికాప్టర్లే కాపాడాయి. ఆ పనిలోనే జూన్ 25న వైమానికదళం హెలికాప్టరు కూలి ఇరవైమంది ప్రాణాలిచ్చారు. 2025 జూన్ 15న యాత్రికులను దింపుకొస్తున్న హెలికాప్టరు గౌరీకుండ్ దగ్గర కూలి ఏడుగురూ మరణించారు. ఆ ఉదయం కూడా లోయలో చూపు ఆనలేదు.

ఇదంతా విని మా మనుమడు, "అయితే వద్దులే జేజీ" అన్నాడు. అక్కయ్య వాడి వైపు చూడనైనా చూడలేదు.

ఇక మూడవది ఊపిరి. నడిచేవాడు మెల్లగా ఎక్కుతాడు గనుక అతని ఒళ్ళు పలుచని గాలికి కొంతయినా అలవాటు పడుతుంది. ఎగిరి దిగినవాడికి ఆ వ్యవధి లేదు. తలనొప్పి, వికారం, ఆయాసం రావచ్చు. హెలికాప్టరు మన కాళ్ళకు బదులు పనిచేస్తుంది గాని ఊపిరితిత్తులకు బదులు పనిచేయదు! అందుచేత ముందుగా డాక్టరుకు చూపించి గుండె, రక్తపోటు పరీక్ష చేయించాలని వ్రాశాను. గుప్తకాశిలో రెండు రాత్రులు పడుకోవాలని కూడా వ్రాశాను.

టిక్కెట్టు సంగతి క్లుప్తంగా చెబుతాను. ముందు ఉత్తరాఖండ్ ప్రభుత్వం వద్ద యాత్రికుడుగా పేరు నమోదు కావాలి. 2023 నుంచి హెలికాప్టరు టిక్కెట్లను రైలు టిక్కెట్లమ్మే ఐ.ఆర్.సి.టి.సి. సంస్థ తన హెలియాత్ర వెబ్‌సైటులో అమ్ముతున్నది. అచ్చం దాని వలెనే కనిపించే దొంగ వెబ్‌సైట్లు పెట్టి డబ్బు కాజేసేవాళ్ళున్నారు. మీ ఇంట్లో పెద్దలు కొనేటప్పుడు అక్షరం అక్షరం మీరే సరిచూడండి; మీ కళ్ళు మాకన్న చురుకైనవి.

ఎప్పుడు పోవాలి? మే, జూన్ నెలలలో జనం కిటకిటలాడుతారు. తరువాత వానలు, కొండచరియలు విరుగుతాయి. దసరా సెలవులలో ఆకాశం తేటపడుతుంది, మనుమడికీ బడి ఉండదు. అదే ఖాయం చేశాము.

1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు నుంచి పల్లకీలో కాశీకి బయలుదేరి, మన కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగానే పోయారు. తిరిగి ఇల్లు చేరేసరికి పదిహేను నెలలు దాటింది. మా లెక్క పన్నెండు రోజులకు తేలింది. అందులో చివరి రెండు రోజుల ఎదుట నేనేమీ వ్రాయలేదు.

"ఇవి ఖాళీగా ఉన్నాయేం, తాతా?"

"మబ్బు పడితే ఆగడానికి."

"రెండు రోజులయినా విడవకపోతే?"

నేను అక్కయ్య వైపు చూచాను. ఈ ప్రశ్న నేనే అడగాలనుకుంటూ జంకుతున్నాను.

"గుప్తకాశి నుంచే దండం పెట్టి వస్తాను" అన్నది అక్కయ్య. "రేయ్ తమ్ముడా, నీకొకటి చెప్పలేదు. ఆనాడు శిఖరం మీద నాయన నన్నెత్తుకుని, నంది కొమ్ముల నడుమ నుంచి గుడి శిఖరం చూడమన్నాడు. అంతా మంచు కమ్మింది. నాకేమీ కనపడలేదు. కనపడిందని చెప్పినాను. నీకు గూడ అట్లనే చెప్పినాను."

అరవై ఏళ్ళు ఆమెను చూచి అసూయపడ్డానే! నాకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. మనుమడు మాత్రం పుస్తకం లాక్కుని, ఆ రెండు ఖాళీల ఎదుటా "మబ్బు" అని పెద్ద అక్షరాలతో వ్రాశాడు.

ఆ సాయంత్రమే వీధి చివర బియ్యం అంగడికి పోయి అక్కయ్యను కాటా మీద నిలబెట్టాము. చెంబుతో కలిపి యాభై తొమ్మిది కిలోలు.