లైకోరిస్ రీకాయిల్: మా హాస్టల్ కళ్ళతో

ఇక్కడ ఎప్పుడు చూసినా స్కాలర్‌షిప్పులు, నోటిఫికేషన్లు, సర్టిఫికెట్ల గొడవే. అందుకే ఈసారి ఒక జపాన్ బొమ్మల సిరీస్ గురించి రాస్తున్నాం. పోస్టు పెద్దదే, ఓపికున్నోళ్ళు చదవండి. రాసేది ఇద్దరం. ఇద్దరిదీ అచ్చంపేట మండలమే. ఒకరిది సుగాలి తండా, ఒకరిది కృష్ణ ఒడ్డున యానాది కాలనీ. ఆరో తరగతి నుంచి ఒకే హాస్టలు, ఇప్పుడు డిగ్రీ ఆఖరి సంవత్సరం.

సిరీస్ పేరు 'లైకోరిస్ రీకాయిల్'. 2022 జులై నుంచి సెప్టెంబరు దాకా జపాన్ టీవీలో వచ్చింది. మొత్తం 13 ఎపిసోడ్లు, తీసింది ఎ-1 పిక్చర్స్. దర్శకుడు షింగో అదాచి అంతకుముందు పాత్రల బొమ్మలు గీసేవాడు, సిరీస్‌కి దర్శకత్వం చేయడం ఇదే మొదలు. ఈమధ్య కొన్ని యానిమేలకి తెలుగు డబ్బింగ్ కూడా వస్తోంది, 2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్ సినిమా తెలుగులో థియేటర్లకే వచ్చింది కదా. దీన్ని మాత్రం మేం జపాన్ మాటలతో, కింద ఇంగ్లీషు అక్షరాలతో చూశాం. ఒకళ్ళం గబగబా చదివి చెప్తుంటే ఇంకొకళ్ళం బొమ్మ చూడటం. రెండోసారి చూసినప్పుడు పని మార్చుకున్నాం.

కథ ఏంటంటే, డీఏ అని ఒక రహస్య సంస్థ ఉంటుంది. ఎవరూ లేని ఆడపిల్లల్ని చిన్నప్పుడే తెచ్చుకుని, తిండి పెట్టి, బట్టలిచ్చి, తుపాకి నేర్పిస్తుంది. నేరం చేయబోయేవాళ్ళని వాళ్ళచేత ముందే చంపించి, ఏమీ జరగనట్టు కప్పిపెడుతుంది. జనం మాత్రం మా దేశం ఎంత ప్రశాంతమో అనుకుంటూ ఉంటారు. ఆ పిల్లలే లైకోరిస్‌లు. వాళ్ళ వేషం స్కూలు యూనిఫాం. పెద్ద ఊళ్ళో యూనిఫాం వేసుకున్న పిల్లని ఎవరు పట్టించుకుంటారు? దాని రంగుని బట్టే హోదా: ఎర్రది పైవాళ్ళకి, ముదురు నీలం రెండోవాళ్ళకి, లేత గోధుమరంగు కిందివాళ్ళకి.

ఇక్కడే మాకు గుచ్చుకుంది. ఏడేళ్ళు మేం వేసుకున్నది కూడా అలాంటిదే. బస్టాండులో "హాస్టలు పిల్లలు" అనేవాళ్ళు, పేరు అడిగినోళ్ళు తక్కువ. మాలో ఒకరికి పదో తరగతి వచ్చేదాకా ఆధార్ కార్డు లేదు. ఆ కాలనీలో ఇప్పటికీ లేనోళ్ళు ఉన్నారు. లెక్కలో లేని ఆడపిల్లలు అనే మాట జపాన్ కథకుడికి ఊహ, మాకు కాదు.

లైకోరిస్ అంటే ఒక ఎర్ర పువ్వు. జపాన్‌లో సమాధుల దగ్గరా, వరి గట్ల మీదా పెంచుతారు. దుంప విషం, గట్లు తవ్వే జంతువులు దగ్గరికి రావని. అంటే పొలం కాయడానికి నాటిన విషపు మొక్క. పేరు పెట్టినోడికి తెలివి ఉంది.

ఇద్దరు నాయికలు. చిసాతో నిషికిగి ఎర్ర యూనిఫాం పిల్ల, ఎంత గురి ఉన్నా ప్రాణం తీయనంటుంది, రబ్బరు తూటాలే వాడుతుంది. టకినా ఇనోయె నీలం యూనిఫాం. తోటి పిల్ల బందీ అయితే ఆగమన్న ఆర్డరు వినకుండా మెషిన్‌గన్ పేల్చి కాపాడుతుంది. దానికి శిక్షగా ఆమెని చిసాతో ఉండే కాఫీ కొట్టుకి పంపేస్తారు. టకినా ధ్యాసంతా మళ్ళీ డీఏకి ఎలా పోవాలా అనే. మూడో ఎపిసోడ్లో అక్కడికి వెళ్ళి, ఇక తనకి చోటు లేదని తెలిసి కుంగిపోతే, చిసాతో ఆమెని ఎత్తి గిరగిరా తిప్పి, నువ్వు నాకు దొరికినందుకు సంతోషంగా ఉందని చెప్తుంది. అంతే సీను. మేం ఎన్నిసార్లు వెనక్కి జరుపుకుని చూశామో లెక్కలేదు.

తుపాకి పట్టిన ఇద్దరాడపిల్లల కథ జపాన్‌కి కొత్తేం కాదు. 2001లో 'న్వార్', 2004లో 'మ్యాడ్‌లాక్స్', 2007లో 'ఎల్ కసాడోర్ దె లా బ్రూహా', మూడూ కోయిచి మషిమో తీసినవే. మూడింట్లోనూ ఇద్దరి మధ్యా ప్రేమలాంటిది కనపడుతుంది కానీ ఎవరూ పేరు పెట్టరు. లైకోరిస్‌లోనూ అంతే. విచిత్రం ఏంటంటే, కాఫీ కొట్టు యజమాని మికా, యోషిమత్సు అనే ఇంకో మగాయన ఒకప్పుడు ప్రేమించుకున్నారని ఇదే కథ దాదాపు నేరుగా చెప్పేస్తుంది. చిసాతో దాన్ని మామూలుగానే తీసుకుంటుంది, ప్రేమలో చాలా రకాలుంటాయని టకినాకే చెప్తుంది. తమ విషయం వచ్చేసరికి మాత్రం ఇద్దరూ నోరెత్తరు. మా లెక్కలో ఇది దర్శకుడి పిరికితనం కొంత, నిజం కొంత. ఆడపిల్లలకి ఆ మాట అంత తొందరగా నోటికి రాదు.

ఆ యోషిమత్సు పనిచేసేది ఎలన్ అనే సంస్థకి. ప్రతిభ ఉన్న పిల్లల్ని వెతికి, సాయం చేసి, మెళ్ళో గుడ్లగూబ గుర్తు వేస్తారు. చిసాతోకి చిన్నప్పుడు కృత్రిమ గుండె ఇచ్చింది వాళ్ళే. కాకపోతే ఆమె ప్రతిభ చంపడమేనని వాళ్ళు తేల్చేశారు. చంపనంటే గుండె దండగ అన్నట్టు మాట్లాడతాడు. చివరికి ఆమె గుండె ఆగిపోయే రోజులు దగ్గరపడితే, కొత్త గుండె నా ఒంట్లోనే ఉంది, నన్ను చంపి తీసుకో అంటాడు. చిసాతో చంపదు. చంపడానికి ఎగబడేది టకినా. దొరికినట్టే దొరికి చేజారుతున్న ఆ గుండె కోసం ఆమె ఏడ్చిన ఏడుపు మేం ఇంకే కార్టూన్‌లోనూ చూడలేదు. గురుకులం సీటు, ఫీజు, పుస్తకాలు ఇచ్చినోళ్ళు "నిన్ను దీనికోసమే చదివించాం" అన్నప్పుడు తల దించుకున్నోళ్ళకి ఆ సీను వేరేలా తగులుతుంది.

మేం ఇంటర్లో ఉన్నప్పుడు మమ్మల్ని వేరే వేరే గదుల్లో వేశారు. ఒకే కంచంలో తింటున్నాం, ఒకే దుప్పట్లో చదువుకుంటున్నాం, అదీ కారణం. సుగాలి పిల్ల యానాది పిల్ల కంచంలో తినడం కొందరికి ఒక కంటగింపు, రెండోది వాళ్ళు పైకి అనలేదు, నవ్వారు. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు అన్ని కులాల్నీ కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడని గొప్పగా చెప్తారు. నాగమ్మ గురించేమో ఎప్పుడూ కుట్రలూ కోడిపందేలే. అంత పెద్ద కథలో ఆమె పక్కన నిలబడ్డ ఇంకో ఆడమనిషి గురించి మేం ఒక్క మాట వినలేదు.

377 సెక్షన్ మీద సుప్రీంకోర్టు తీర్పు 2018 సెప్టెంబరు 6న వచ్చింది, ఇష్టపడ్డ ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య అది నేరం కాదని. పెళ్ళి హక్కు మాత్రం మేం ఇవ్వలేమని 2023 అక్టోబరు 17న చెప్పింది. తండాకి ఈ రెండూ చేరలేదు. చేరింది ఒక సంబంధం. అబ్బాయి మంచోడేనట, మిర్చి కోతలు అయ్యాక మాట్లాడుకుందాం అన్నారు. కోతలకి ఇద్దరం కలిసే పోతున్నాం, చేతుల మంట రాత్రి దాకా తగ్గదు. ఆ మంట చేతుల్తోనే ఈ పోస్టు టైపు చేస్తున్నాం.

తొమ్మిదో ఎపిసోడ్లో, చిసాతోకి రెండు నెలలే ఉన్నాయని తెలిశాక టకినా ఒక రోజంతా టైం టేబుల్ రాసుకుని ఆమెని ఊరంతా తిప్పుతుంది. ఎక్కడికి, ఎన్ని గంటలకి, అన్నీ రాసి. మాకూ ఒక టైం టేబుల్ ఉంది: ఎడ్‌సెట్, ఇద్దరికీ ఒకే కాలేజీ, తర్వాత డీఎస్సీ. గుంటూరులో గానీ సత్తెనపల్లిలో గానీ ఇద్దరాడపిల్లలకి గది ఇచ్చేవాళ్ళు తెలిస్తే చెప్పండి అక్కా. కులం అడిగాక అద్దె పెంచనోళ్ళయితే మంచిది. వంట మేమే చేసుకుంటాం. ఒక్క గది చాలు.